కృష్ణరాజు పేరు మోస్తున్న పిట్ట

శృంగవరపుకోట దాటి బొడ్డవర మీదుగా అనంతగిరి ఘాటు ఎక్కినవాళ్లకు చలికాలపు మంచు బాగా గుర్తుంటుంది. ఆ మంచును చూస్తే ఇది మేఘారణ్యం అనాలనిపిస్తుంది గానీ, ఆ మాట ఇక్కడికి సరిగ్గా అతకదు. ఈ కొండల మీద ఎక్కువగా ఉన్నది ఆకు రాల్చే తేమ అడవి. ఏడాదంతా పచ్చగా ఉండేవి గెడ్డల (కొండవాగుల) ఒడ్లు, లోయల అడుగులు. ఈ వ్యాసంలోని పిట్టకు కావలసినవి కూడా అలాంటి చోట్లే.

దాని పేరు అబాట్స్ బాబ్లర్. మట్టి రంగు ఒళ్లు, పొట్టి తోక, జానెడు కూడా ఉండని పొడవు. నేలకు దగ్గరగా, చిక్కటి పొదల్లో తిరుగుతూ పురుగులు ఏరుకుంటుంది. కంటికి చిక్కడం అరుదు కాబట్టి ఈల వేసినట్టుండే మూడు నాలుగు స్వరాల పాటను బట్టే ఎక్కువసార్లు జాడ తెలుస్తుంది. 1845లో ఎడ్వర్డ్ బ్లైత్ వర్ణించిన ఈ జాతి నేపాల్ నుంచి ఈశాన్య భారతం, బంగ్లాదేశ్, మయన్మార్ మీదుగా ఆగ్నేయాసియా దాకా విస్తరించి ఉంది. తూర్పు కనుమల్లో ఉన్నది మాత్రం ఆ విస్తృతికి దూరంగా, విడిగా మిగిలిన గుంపు.

ఈ కనుమల పక్షులపై వెర్నే సర్వే 1929-30 నాటిది. ఆ తర్వాత అర్ధ శతాబ్దానికి గానీ ఈ గుంపుకు వేరే పేరు రాలేదు. 1985లో డిల్లన్ రిప్లే, బ్రూస్ బీలర్ దీన్ని ప్రత్యేక ఉపజాతిగా వర్ణించి 'కృష్ణరాజుయి' అని పేరు పెట్టారు. విశాఖ పక్షి పరిశోధకుడు కె.ఎస్.ఆర్. కృష్ణరాజుకు దక్కిన గౌరవమది. ఈ కొండల్లో తిరిగి, చూసి, రాసి పెట్టిన మన మనిషి పేరు ఒక పిట్టకు నిలిచిపోవడం నాకు ఎప్పుడు తలచుకున్నా సంతోషమే. ముగ్గురూ కలిసి విశాఖ ఘాట్ల పక్షులపై రాసిన వ్యాసం 1987-88లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వచ్చింది. పాత నమోదులు వెతికేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. 1979లో విజయనగరం జిల్లా ఏర్పడేదాకా శృంగవరపుకోట విశాఖ జిల్లాలోదే. అనంతగిరి 2022 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది.

అయితే ఉపజాతి అన్నది సాధారణంగా రంగు, కొలతల తేడాల మీద నిలిచే పేరు. గుంపు ఎప్పుడు విడిపోయిందో, ఎలా వచ్చిందో ఆ పేరు చెప్పదు. తడి అడవుల జీవులు సాత్పురా కొండల వెంట దక్షిణానికి దిగాయన్నది సుందర్‌లాల్ హోరా వాదం. సాలిం అలీ 1949లో దాన్ని పక్షులకు అన్వయించారు. ఇలాంటి ఊహలను జీవుల వంశక్రమంతో పరీక్షించాలని 2003లో ప్రవీణ్ కరంత్ వాదించారు. పోలిక కనిపించినంత మాత్రాన దగ్గరి చుట్టరికం రుజువు కాదు. ఈ బాబ్లర్ విషయంలో నేను ధైర్యంగా చెప్పగలిగింది ఒక్కటే: ఇంత నేలబారు పిట్ట ఎండు మైదానాలు దాటి వచ్చి ఉంటుందనడం కంటే, ఒకప్పుడు పరుచుకుని ఉన్న తేమ అడవి కుంచించుకుపోయినప్పుడు ఇక్కడ చిక్కుకుపోయిందనడం సబబుగా ఉంది. అదీ ఊహే.

అడవి లెక్కల దగ్గరా ఇంతే జాగ్రత్త అవసరం. అనంతగిరి కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ నీడ ఉంటుంది, మిరియాల తీగ పాకుతుంది. ఉపగ్రహ చిత్రంలో అంతా పచ్చగానే కనబడుతుంది. కానీ చెట్ల కింద పొద కొట్టి కాఫీ మొక్క నాటిన చోట పైకప్పు మిగులుతుంది, ఈ పిట్ట బతికే అంతస్తు పోతుంది. చెట్ల పైకప్పున తిరిగే మినివెట్ పిట్టకు సరిపోయే తోట బాబ్లర్‌కూ సరిపోతుందని అనుకోవడానికి ఆధారం కావాలి.

పక్షి ప్రియులు అరకు దారి పట్టేది ఎక్కువగా చలికాలంలో. గూడు కట్టే కాలంలో కూసినంతగా పిట్టలు అప్పుడు కూయవు. డిసెంబరులో వినబడలేదని 'లేదు' అని రాసుకోవడం తొందరపాటు. ఎండాకాలం చివర నుంచి తొలకరి దాకా, తెల్లవారుజామున, గెడ్డ ఒడ్డున ఒకే చోట నిలబడి, అవే చోట్లకు మళ్లీ మళ్లీ వెళ్లి వినాలి. పొద ఉన్న గెడ్డనూ, పొద కొట్టిన గెడ్డనూ పక్కపక్కన పెట్టి, విన్న రోజులతోపాటు వినని రోజులనూ తేదీ వేసి రాసుకోవాలి.