షుగరు గోలీ పూర్వచరిత్ర

పెద్దపల్లి, మంథని పట్టణముల నడుమ, బేగంపేట గ్రామము దాపున రామగిరి దుర్గము కలదు. కాకతీయుల నాటి ఈ కొండకోటకు పురాతన కట్టడములను చూడవచ్చు వారే కాక, మూలికలను వెదకువారును వచ్చుచుందురు. ఆయుర్వేద విద్యార్థులకు ఈ కొండ ఒక పాఠశాల వంటిది. కొండ దిగి కొంత దూరము నడచినచో నేల స్వరూపమే మారిపోవును. సెంటినరీ కాలనీ ఇండ్ల వరుసలు, బొగ్గు గనులు, షిఫ్టునకు పోవు కార్మికులు, వారి నడుమ మందుల దుకాణములు. ఆ దుకాణముల అరలలో తప్పక యుండు మందు మెట్‌ఫార్మిన్. జనులు దానిని షుగరు గోలీ యందురు. దాని పుట్టుకకును ఒక మొక్కయే మూలమని చెప్పినచో కొండమీది విద్యార్థులు సంతసింతురు.

అయితే మేము ఈ గోలీని గూర్చి చెప్పదలచుటకు కారణము షుగరు వ్యాధి కాదు. నెలసరి తప్పుచున్న ఇరువది యేండ్ల పిల్లకు, అండాశయములలో నీటితిత్తులున్నవని చెప్పి, డాక్టరమ్మ ఈ గోలీనే వ్రాసి యిచ్చుట కలదు. అప్పుడు ఇంట కలుగు కలవరము మనకు తెలియనిది కాదు. "మా బిడ్డకు షుగరు లేదు గదా!" యని తల్లి విస్తుపోవును. సంబంధములు చూచుచున్న దినములలో ఈ చీటీ ఎవరి కంట పడునో యని తండ్రి భయపడును. పిల్ల నాలుగు దినములు మ్రింగును. కడుపులో త్రిప్పును, విరేచనములగును, నోరు చేదెక్కును. పదియవ దినమునకు గోలీలు పెట్టె అడుగున చేరును. మందు పడలేదని అందరును నిశ్చయింతురు.

ఈ వ్యాధికి ఈ మందు ఎట్లు వచ్చెను?

1935లో చికాగో నగరమున స్టెయిన్, లెవెంథాల్ అను ఇరువురు వైద్యులు ఏడుగురు స్త్రీల వృత్తాంతమును ప్రకటించిరి. వారికి నెలసరి సరిగా లేదు. అండాశయములు ఉబ్బి, చిన్నచిన్న తిత్తులతో నిండియుండెను. వైద్యులు శస్త్రచికిత్స చేసి అండాశయములనుండి కొంత భాగమును కోసివేయగా ఏడుగురికిని నెలసరి తిరిగివచ్చెను, ఇరువురు గర్భవతులైరి. అది మొదలు చాలకాలము కత్తియే ఈ వ్యాధికి మందైనది. తిత్తులని పేరేగాని అవి నిజమునకు పక్వము కాక నిలిచిపోయిన అండకోశములు. వ్యాధికి ఆ పేరు స్థిరపడుటచే లోపమంతయు అండాశయములోనే యున్నదను భ్రమ కలిగినది. 1980లో అమెరికా వైద్యులు ఇట్టి స్త్రీల రక్తములో ఇన్సులిన్ మితిమీరి యుండుటను గుర్తించిరి. శరీరము ఇన్సులిన్ మాట వినదు. వినిపించుటకై అది మరింత ఊరును. ఆ అధిక ఇన్సులిన్ అండాశయమును ప్రేరేపించి పురుష హార్మోనులను పెంచును. ముఖముపై వెంట్రుకలు, మొటిమలు, నెలసరి తప్పుట, వీనిలో చాలవరకు ఆ ఫలములే.

ఇక గోలీ కథ. ఐరోపా ఖండమున గలీగా అను మొక్క కలదు. అక్కడి నాటువైద్యములో అతిమూత్రమునకు దానిని వాడెడివారు. ఎక్కువ మేసిన గొఱ్ఱెలు మాత్రము చచ్చెడివి. అందలి గ్వానిడీన్ జాతి పదార్థములకు రక్తములోని చక్కెరను తగ్గించు గుణమున్నట్లు తేలెను. 1922లో డబ్లిన్ నగరమున వెర్నర్, బెల్ అను రసాయన శాస్త్రజ్ఞులు మెట్‌ఫార్మిన్‌ను తయారుచేసిరి. అప్పుడే ఇన్సులిన్ వెలువడి లోకమంతయు దానివైపు తిరుగుటచే దీనిని పట్టించుకొన్నవారు లేరు. 1957లో పారిస్ వైద్యుడు జాన్ స్టెర్న్ మనుష్యులలో దీని ఫలితములను ప్రకటించి, చక్కెరను తినివేయునది యను అర్థము వచ్చు గ్లూకోఫేజ్ అను పేరు పెట్టెను. దీని దాయాది ఫెన్‌ఫార్మిన్ రక్తములో ఆమ్లమును ప్రమాదకరముగ పెంచుటచే 1970 దశకము చివర పెక్కు దేశములలో నిలిపివేయబడగా, ఆ అపవాదు దీనికిని తగిలెను. అమెరికా ప్రభుత్వము దీనిని అంగీకరించుటకు 1994 వరకు పట్టెను. ఆ సంవత్సరమే వెనిజులా దేశపు మెరిదా నగర వైద్యులు నీటితిత్తుల స్త్రీలకు దీనినిచ్చి, ఇన్సులిన్ తగ్గుటయు, కొందరికి నెలసరి మరలుటయు కనిరి.

కనుక పిల్లకు ఈ గోలీ యిచ్చినంతమాత్రమున ఆమెకు షుగరు వ్యాధి యున్నట్లు కాదు. ఒంటరిగ వాడినచో ఇది సాధారణముగ చక్కెరను మితిమీరి దింపదు కూడ. అందరికిని ఇదియే తగునని మేమనము. కొందరికి హార్మోను గోలీలు, కొందరికి ఆహారములో మార్పు, వ్యాయామము ముఖ్యములు.

కడుపు బాధ మాత్రము నిజము. మందు కొంతభాగము ప్రేవులలోనే పనిచేయును; మొదటి వారములలో ప్రేవులు మొరాయించును. అందుచే వైద్యులు 500 మిల్లీగ్రాములతో మొదలిడి, వారమునకో రెండు వారములకో కొంచెము కొంచెముగ పెంచుచు పోదురు. నిదానముగ కరగు రకము గోలీ కూడ కలదు. ఆ గోలీ పైపొర కొన్నిసార్లు మలములో అట్లే కనబడును, దానికి బెదరనక్కరలేదు. పెక్కుమందికి కొలది వారములలో బాధ తగ్గును. తగ్గనిచో మాన్పించుటకు ముందు డాక్టరునకు చెప్పవలెను. నెలసరి చక్కబడుటకు నెలలు పట్టును. నెలసరి కనబడక ముందే అండము విడుదల కావచ్చును గనుక, వివాహితలు గర్భము రాదని ధైర్యముగ నుండరాదు. మూత్రపిండముల పరీక్ష అవసరము. ఏండ్ల తరబడి వాడువారిలో బి12 విటమిను తగ్గవచ్చును. కాళ్ళు తిమ్మిరెక్కుట, నీరసము కలిగినచో చూపించుకొనవలెను.

గోలీ అన్నముతోనే వేసికొనవలె ననుట చిన్నమాటగ తోచును. రెండవ షిఫ్టు ముగించి అర్ధరాత్రి వేళ ఇల్లు చేరు మగవాడు తినువరకు తానును తినక కూర్చుండు ఇల్లాలికి అది చిన్నమాట కాదు. ఎనిమిది గంటలకే ఖాళీ కడుపున గోలీ మ్రింగి, తెల్లవార్లు వికారముతో బాధపడి, మందును నిందించు ఇల్లాండ్రను మేమెరుగుదుము. అట్టివారికి ఒక డాక్టరమ్మ మందు మార్చలేదు, చీటీ మీద ఒక వాక్యము మాత్రము చేర్చినది: "ముందు నీవు తినుము."