చిగురుపన్ను - జీలుగు కల్లు కథ

ఏజెన్సీలో ఉద్యోగం చేసి వచ్చినవాణ్ణి మన సంఘ సభ్యులు రెండే ప్రశ్నలడుగుతారు. మలేరియా ఎన్నిసార్లు వచ్చింది? జీలుగు కల్లు తాగావా? మొదటిదానికి జవాబు మూడుసార్లు. రెండవ జవాబు కొంచెం పెద్దది. అందులో చరిత్ర కూడా ఉన్నది గనుక ఈ ప్రత్యేక సంచికకు వ్రాస్తున్నాను.

1970ల చివర పాడేరు ప్రాంతంలో గుమాస్తాగా ఉండగా ఆఫీసర్ల వెంట అరకు, అనంతగిరి వైపు క్యాంపులకు వెళ్ళేవాణ్ణి. జీలుగు కూడా తాటిజాతి చెట్టే. ఆకు మాత్రం చేపతోకలా చీలి ఉంటుంది. ఏళ్ళ తరబడి పెరిగి, ఒకనాడు తలదగ్గర మొదటి గెల వేస్తుంది. తరువాతి గెలలు ఒక్కొక్కటే కిందికి దిగుతూ వస్తాయి. ఆఖరి గెలతో చెట్టు చచ్చిపోతుంది. మన భాషలో చెప్పాలంటే సర్వీసంతా కూడబెట్టినది చివరి కొన్నేళ్ళలో ఇచ్చేస్తుందన్నమాట. మానులోని గుజ్జును పిండి చేసుకుని కరువు రోజుల్లో తినేవారు. సింహళంలో దీన్నే కితుల్ అంటారు, కల్లు పులియకముందే కాచి బెల్లం చేస్తారు.

ఊరిపెద్ద ముందు కాస్త నేలమీద వంపి, తరువాత ఆకుదొప్పలో పోసి "పట్టు బాబూ" అనేవాడు. పొద్దున దించినది లేత కొబ్బరినీళ్ళలో పంచదార కలిపినట్లుంటుంది. మధ్యాహ్నానికి నురగ కట్టి పులుపెక్కుతుంది. సాయంత్రానికి ఘాటు, ఇంకా ఉంచితే సిర్కా. పొద్దుటి కల్లుతో ఉడికించిన కందికాయలు, మధ్యాహ్నపు కల్లుతో నిప్పులమీద కాల్చిన ఎండుచేప, ఇదీ నాకు నచ్చిన జోడీ.

క్రితం ఏడాది మా అబ్బాయి స్పెయిన్ దేశపు ఎర్ర వైన్ సీసా ఒకటి తెచ్చాడు. రియోహా ప్రాంతానిది. పైన రిజర్వా అని ఉన్నది. అంటే కనీసం మూడేళ్ళు, అందులో ఒక ఏడాది ఓక్ పీపాలో, మాగినదన్నమాట. గొర్రెమాంసంతో పుచ్చుకోవాలన్నాడు. ఉత్తినే తాగితే కరక్కాయ నమిలినంత వగరు. మాంసం ముక్కతో తాగితే ఆ వగరే కొవ్వును విరిచి నాలుకకు హాయిగా ఉన్నది. (రెండు గుక్కలే లెండి. మనకు మద్యనిషేధం విధించేది డాక్టర్లు.) పులిసిన కల్లుకు ఉప్పుచేప కుదరడం కూడా ఇటువంటిదే. తేడా ఏమిటంటే, వైన్ నిలవ ఉండే సరుకు. పన్ను కట్టి ఓడలెక్కించి అమ్మవచ్చు. జీలుగు కల్లు ఒక్కరోజు ముచ్చట, ఇంట్లోనో ఊళ్ళోనో తాగవలసిందే. అటువంటి ఇంటి కల్లుమీద చెయ్యి వేసినందుకే రంప కొండలు అంటుకున్నాయి.

అప్పటి గోదావరి జిల్లా రంప ప్రాంతం ఒక మన్సబ్‌దారు చేతిలో ఉండేది. అతడు కల్లుగీతమీద చిగురుపన్ను వసూలు చేసేవాడు. తరువాత కొత్త ఆబ్కారీ నిబంధనలు వచ్చాయి. ఇంటి వాడకానికి గీసుకోవడం కూడా నేరమైంది, గీత హక్కు కాంట్రాక్టర్లకు పోయింది. మన్సబ్‌దారు తన నష్టం పూడ్చుకోవడానికి మొదలుపన్ను అని మరొకటి తగిలించాడు. తన పెరట్లోని చెట్టు కల్లుకు ఇద్దరికి చెల్లించాలి! దీనికితోడు మైదానపు వర్తకులు కోర్టుల్లో ఏకపక్ష డిక్రీలు తెచ్చి పశువులను తోలుకుపోయేవారు. 1879 మార్చిలో తిరుగుబాటు లేచింది. అది ఏప్రిల్‌లో గొలుగొండ కొండలకు, జులైలో భద్రాచలం తాలూకా రేకపల్లికి పాకింది. పోలీసులు చాలక మద్రాసు పదాతి దళాలను దించవలసి వచ్చింది. నాయకులలో ద్వారబంధాల చంద్రయ్య, కారం తమ్మనదొర 1880లో హతులయ్యారు. రెవెన్యూ బోర్డు సభ్యుడు సల్లివాన్ వచ్చి విచారించగా తప్పు మన్సబ్‌దారు పాలనదేనని తేలింది. అతణ్ణి తొలగించి, ముఠాదార్లతో సర్కారే నేరుగా ఒప్పందాలు చేసుకున్నది.

ఇదే కొండల్లో నలభై ఏళ్ళ తరువాత అల్లూరి సీతారామరాజు తాగుడు మానండి, తగవులు పంచాయతీల్లో తీర్చుకోండి అని ఊరూరా చెప్పాడు. చింతపల్లి స్టేషన్ దాడి 1922 ఆగస్టు 22న జరిగింది. ఈ ప్రచారం అంతకు ముందటిది. తాతలు కల్లు కోసం తిరగబడ్డారు, మనుమలకు కల్లు మానమన్నారు, ఇదేమి వింత అని కొందరు అడుగుతుంటారు. నాకు వింతగా తోచదు. తాగాలా మానాలా అన్నది కాంట్రాక్టరు కాక ఊరు తేల్చుకోవాలన్నదే రెండుచోట్లా ఉన్న సంగతి.

గిరిజన ప్రాంతాల్లో మద్యం వ్యాపారం ఆపాలి, ఇంటి అవసరానికి సంప్రదాయ పానీయం చేసుకోనివ్వాలి అని 1975లో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. అయినా నేనున్న రోజుల్లో కొండ సంతల్లో సారా అమ్మకం సాగుతూనే ఉండేది. పసుపు, పిప్పళ్ళు, చింతపండు అమ్మిన డబ్బు సంత దాటకముందే అయిపోయేది. కల్లుకుండ చుట్టూ ఊరంతా కూర్చుని తినడం చూశాను, సారా దగ్గర ఒంటరిగా పడిపోయినవాణ్ణీ చూశాను. రాష్ట్రంలో సారా నిషేధం 1993 అక్టోబరు 1న వచ్చింది. మత్తు పదార్థాల అమ్మకం, వాడకాలను నిషేధించే, నియంత్రించే అధికారం షెడ్యూల్డు ప్రాంతాల గ్రామసభలకు 1996 పెసా చట్టంలో దక్కింది. రంప కొండలు లేచిన 117 ఏళ్ళకు. దానికి మన రాష్ట్రంలో రూల్స్ రావడానికి ఇంకో పదిహేనేళ్ళు పట్టి, 2011 అయింది.