240 రోజులు, 53 పేర్లు

మా తగరపువలసలో ఒక వయసు దాటిన వారికి 240 అన్న అంకె గురించి వివరించనక్కరలేదు. ఊరిని ఆనుకునే చిట్టివలస జూటుమిల్లు ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో మొదలై, 2009లో లాకౌటు పడేవరకూ గోస్తనీ తీరాన వేల కుటుంబాలకు అన్నం పెట్టిన మిల్లు అది. (మన గోగునారకు ప్రపంచ విపణిలో 'బిమ్లీ జూటు' అన్న పేరు పక్కనే ఉన్న భీమునిపట్నం రేవు మూలాన వచ్చిందే.) జూటుమిల్లుల్లో కార్మికులు రెండు రకాలు: పర్మినెంటువారు, బద్లీలు. పర్మినెంటు మనిషి రాని రోజున అతని స్థానంలో నిలబడేవాడు బద్లీ. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టానికి 1953లో ఒక అధ్యాయం చేర్చారు. దాని ప్రకారం పన్నెండు నెలల్లో 240 రోజులు పనిచేసిన కార్మికుణ్ణి తొలగించాలంటే నెల ముందు నోటీసివ్వాలి, లేదా ఆ నెల జీతమివ్వాలి. పైగా పనిచేసిన ప్రతి ఏటికీ పదిహేను రోజుల వేతనం చెల్లించాలి. కార్మికుణ్ణి కాపాడేందుకు గీసిన గీత అది. దేశమంతటా యజమానులు దాన్ని ఏం చేశారో తెలిసిందే. 240 నిండకుండా మనిషిని ఆపి, నాలుగు రోజులు పోయాక మళ్ళీ కొత్తవాడిగా చేర్చుకోవడం నేర్చారు. 2025 నవంబరులో ఆ చట్టం పోయి కొత్త కోడు వచ్చింది గానీ, 240 జనం నోట ఇంకా నానుతూనే ఉంది.

ఈ గీత సంగతి నాకు మళ్ళీ గుర్తుకొచ్చింది ఏ కార్మిక చరిత్రో చదువుతుండగా కాదు, అమెరికా ఫుట్‌బాలు గురించి చదువుతుండగా. మన ఫుట్‌బాలు కాదు; బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తే ఆట. అక్కడి ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లలో 'శాలరీ క్యాప్' అని ఒకటుంది: ఒక జట్టు తన ఆటగాళ్ళందరి జీతాలకూ కలిపి ఇంతకు మించి ఖర్చు పెట్టరాదన్న హద్దు. క్యాప్ అన్నారు కదా అని టోపీ అని తెనిగిస్తే మనవాళ్ళకు వేరే అర్థం స్ఫురిస్తుంది కాబట్టి, పైకప్పు అందాం.

ఈ పైకప్పు యజమానులు తమకు తాము వేసుకున్నది కాదు, ఆటగాళ్ళను అణచడానికి ఏకపక్షంగా దించిందీ కాదు. అది ఒక ఓటమి నుంచి పుట్టింది. 1987లో ఆటగాళ్ళ సంఘం సమ్మె చేసింది. ఒప్పందం ముగిసిన ఆటగాడు తనకు నచ్చిన జట్టుకు వెళ్ళే స్వేచ్ఛ కావాలన్నది ముఖ్యమైన కోరిక. యజమానులు బయటి నుంచి మనుషులను తెచ్చి ఆటలు నడిపించారు. బద్లీలతో మిల్లు తిప్పినట్టే. 24 రోజులకు సమ్మె వీగిపోయింది. అప్పుడా సంఘం ఒక విచిత్రమైన పని చేసింది. 1989లో, తాను ఇక బేరమాడే కార్మిక సంఘాన్ని కానని ప్రకటించుకుంది. సంఘం ఉన్నంతకాలం యజమానులకు గుత్తాధిపత్య నిరోధక చట్టం నుంచి రక్షణ దొరుకుతోంది. సంఘమే లేకపోతే ఆటగాళ్ళు విడివిడిగా ఆ చట్టం కింద దావా వేయవచ్చు. వేశారు, 1992లో గెలిచారు. 1993లో రాజీ కుదిరింది. ఆటగాళ్ళకు స్వేచ్ఛ, యజమానులకు పైకప్పు. 1994లో ఆ కప్పు ఎత్తు జట్టుకు 3 కోట్ల 46 లక్షల డాలర్లు. 2025 నాటికి అది సుమారు 28 కోట్లకు చేరింది. ఇక్కడ గమనించవలసింది, ఆ ఇంటికి నేల కూడా ఉంది. లీగు రాబడిలో ఇంచుమించు 48 శాతం ఆటగాళ్ళది. 2020 ఒప్పందం ప్రకారం ప్రతి జట్టూ కొన్నేళ్ళ సగటున పైకప్పులో 90 శాతమైనా ఖర్చు పెట్టి తీరాలి.

అయితే కప్పు కింద ఎవరు నిలుస్తారన్నదే అసలు కథ. ఆగస్టు చివర ప్రతి జట్టూ తన 90 మందిని 53కు కుదించాలి. 2023 నుంచి ఈ కోత ఒకే గడువుకు జరుగుతోంది. 32 జట్లు, జట్టుకు 37 మంది చొప్పున లెక్కవేస్తే సుమారు పన్నెండు వందల మంది ఒక్క ఊపున వీధిన పడతారు. అందులో జట్టుకు 16 మందిని సాధన బృందమన్న పేరుతో వెనక్కు తీసుకుంటారు. మన బద్లీలే.

వేటు ఎవరి మీద పడుతుందన్నది ఆట ఒక్కటే తేల్చదు, పద్దు కూడా తేలుస్తుంది. ఒక ఆటగాడికి ఐదేళ్ళ ఒప్పందం మీద కోటి డాలర్లు ముందుగా ఇచ్చారనుకోండి. సొమ్ము ఒకేసారి చేతికందినా, పైకప్పు లెక్కలో ఏడాదికి 20 లక్షల చొప్పున పంచుతారు. రెండేళ్ళు ఆడాక తీసేస్తే మిగిలిన 60 లక్షలూ ఆ ఏటి పద్దులోనే వచ్చి పడతాయి. జట్టులో లేని మనిషికి జీతం రాసినట్టే. దాన్ని వాళ్ళు చచ్చిన సొమ్మంటారు. జూన్ 1 దాటాక తీసేస్తే ఆ ఏడు 20, మరుసటి ఏడు 40గా విడగొట్టుకోవచ్చు. కనుక ఒక మనిషి మార్చిలో పోతాడా జూన్‌లో పోతాడా అన్నది అతని మోకాళ్ళ కన్నా ఎక్కువగా ఈ తేదీల మీద ఆధారపడి ఉంటుంది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మాత్రం సంఘం పోరాడి సాధించుకున్న హక్కుల సంగతి. అనుభవాన్ని బట్టి కనీస జీతం పెరగాలన్నారు, సాధించారు. 2023 లెక్కలో కొత్తవాడికి కనీసం ఏడున్నర లక్షల డాలర్లు, ఏడేళ్ళు దాటినవాడికి 11 లక్షల 65 వేలు. న్యాయమే. కానీ కప్పు కింద ఆ తేడా సుమారు నాలుగు లక్షలు. జట్టులో నలభై ఎనిమిదోవాడో, యాభయ్యోవాడో పాతవాడైతే ఎందుకు, పిల్లవాణ్ణి పెట్టుకుందామన్న ఆలోచన ఏ గుమాస్తాకైనా వస్తుంది. అనుభవానికి విలువ కట్టినందుకే అనుభవజ్ఞుడు ఖరీదైపోయాడు. దీన్ని సరిదిద్దడానికి 2000ల మొదట్లో మళ్ళీ బేరమాడి, కనీస జీతానికి వచ్చే పాతవాడి జీతాన్ని పైకప్పు లెక్కలో తక్కువగానే చూపేలా ఏర్పాటు చేసుకున్నారు.

ఇంకొకటి చూడండి. నాలుగేళ్ళ అనుభవం గలవాడు సీజన్ మొదటి ఆట నాటికి జట్టులో ఉంటే, తరువాత తీసేసినా ఆ ఏటి జీతం అడిగే హక్కు అతనికుంది. ఫలితం? మొదటి వారానికి ముందు అతణ్ణి తప్పించి, మొదటి ఆట అయ్యాక మళ్ళీ పిలవడం. అచ్చం మన 239వ రోజే! సముద్రాలకు అవతల, లక్షల డాలర్ల మధ్య కూడా అదే గీత, గీతకు ఇవతలే అదే వేటు.

2020లో కొత్త ఒప్పందాన్ని ఆటగాళ్ళ ఓటుకు పెట్టినప్పుడు 1,019 మంది సరేనన్నారు, 959 మంది వద్దన్నారు. ఏడాదికి ఒక ఆట పెరుగుతుంది, కనీస జీతాలూ పెరుగుతాయి. పేరున్న ఆటగాళ్ళు కొందరు బాహాటంగా వ్యతిరేకించారు. కానీ జట్లలో అధికులు కనీస జీతగాళ్ళు; వారికి రేపటి ఆట కంటే ఈనాటి జీతం ముఖ్యం. అరవై ఓట్ల తేడాతో నెగ్గిన ఆ ఒప్పందాన్ని తప్పుపట్టడం నాకు చేతకాదు.

ఇక మన వైపు చూద్దాం. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్ళు రోవర్స్ కప్పు గెలిచింది. ఆ జట్టును తీర్చిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా బడిపంతులు. 1962లో జకార్తాలో భారతజట్టుకు ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చి, మరుసటి ఏడే కన్నుమూశారు. ఆ పోలీసు ఆటగాళ్ళకు జీతమిచ్చింది ఆట కాదు, పోలీసు కొలువు. జట్టులో చోటు పోయినా కొలువు పోదు. ఆ పద్ధతిలో ఎవరూ ధనవంతులు కాలేదు. ప్రతిభ ఉన్నవాళ్ళు కలకత్తా దారి పట్టారు. సికిందరాబాదు పక్కన అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళినట్టు. పైకప్పు తక్కువే అయినా కింద నేల మాత్రం గట్టిది.

తరువాత వచ్చిన లీగులు పైకప్పును దిగుమతి చేసుకున్నాయి, బేరాన్ని కాదు. మా విశాఖనే సొంత ఊరుగా చెప్పుకుని 2014లో బరిలో దిగిన తెలుగు టైటన్స్ కబడ్డీ జట్టునే తీసుకోండి. తొలి ఏటి నుంచి జట్టుకు ముఖమైన రాహుల్ చౌదరిని 2018లో 1.29 కోట్లకు నిలుపుకుంది. 2019లో జట్టుకు అనుమతించిన మొత్తం 4.4 కోట్లు, అందులో 1.45 కోట్లు సిద్ధార్థ్ దేశాయ్‌కి పోయాయి, రాహుల్ 94 లక్షలకు తమిళ జట్టుకు పోయాడు. 2023లో 5 కోట్ల పరిమితిలో పవన్ సెహ్రావత్ ఒక్కడికే రెండు కోట్ల అరవై లక్షల పైచిలుకు పెట్టి, ఆ ఏడు పట్టికలో అట్టడుగున నిలిచింది. మిగిలిన సగంతో మిగిలిన జట్టంతా కొనుక్కోవాలి మరి!

ఫుట్‌బాలు సంగతి ఇంకా విషాదం. 2019లో పుట్టిన హైదరాబాదు ఎఫ్‌సీ 2022 మార్చి 20న గోవాలో, పెనాల్టీలలో కేరళను ఓడించి ఐఎస్ఎల్ గెలిచింది. లక్ష్మీకాంత్ కట్టిమని ఆ రాత్రి మూడు పెనాల్టీలు ఆపాడు. ఆ లీగులో అప్పటి పైకప్పు జట్టుకు 16.5 కోట్ల రూపాయలు. జట్టు ఖర్చు మితిమీరకుండా చూడటానికే కప్పు అన్నారు. కానీ రాసుకున్న జీతం నెలనెలా చేతికందాలన్న పూచీ ఎక్కడ? రాబడిలో వాటా ఎక్కడ? బల్లకు అవతల కూర్చుని ఆ పూచీ అడిగి రాయించుకున్న సమష్టి ఒప్పందమే లేదు. ఏడాది తిరిగేసరికి బకాయిలు పేరుకుపోయాయి. కొత్తవారిని చేర్చుకోరాదని ఫిఫా నిషేధం పెట్టింది.

అప్పుడు కోత తలకిందులుగా జరిగింది. రెండు నెలల జీతం బాకీపడితే, పదిహేను రోజుల గడువిచ్చి ఆటగాడే ఒప్పందం తెంచుకోవచ్చునన్న నిబంధన ఫిఫా పుస్తకంలో 2018 నుంచి ఉంది. అంతకు ముందు ఏడు ప్రపంచ ఆటగాళ్ళ సంఘం ఫిఫాతో కుదుర్చుకున్న ఒప్పందంలో వచ్చిందది. మన గడ్డ మీద బేరమాడని హక్కు, ఎక్కడో ఎవరో బేరమాడితే మనవారికీ దక్కింది. 2024 జనవరికల్లా చింగ్లెన్సనా సింగ్, నిఖిల్ పూజారి బెంగుళూరుకు, మహమ్మద్ యాసిర్ గోవాకు వెళ్ళిపోయారు. విదేశీయుల్లో జొవావ్ విక్టర్ ఒక్కడే మిగిలాడు. ఖాళీ అయిన చోట్లలో కుర్రవాళ్ళు నిలబడి సీజను పూర్తిచేశారు: 22 ఆటలు, ఒక్క గెలుపు, 8 పాయింట్లు. 2024లో యాజమాన్యం మారింది. 2025లో ఆ జట్టు ఊరూ పేరూ మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది.