బావి లెక్క: మహావీరాచార్యుని నుండి మన తరగతి గది దాకా



చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంతాలలో ఇంట తెలుగు మాట్లాడుతూ బడిలో కన్నడంలో గణితం నేర్చుకొనే పిల్లలు ఎందరో ఉన్నారు. తెలుగు పుస్తకం వ్యాసార్థం, ఘనపరిమాణం అన్నచోట కన్నడ పుస్తకం త్రిజ్య, ఘనఫల అంటుంది. ఇంటి భాష పాటకూ పద్యానికీ చాలునేగాని లెక్కకు చాలదన్న భావన ఈ సందులోనే పసిమనసున నాటుకొంటుంది. చరిత్ర మాత్రం ఆ మాటను అంగీకరించదు.

రాష్ట్రకూట ప్రభువైన అమోఘవర్ష నృపతుంగుని కాలంలో, సుమారు క్రీ.శ. 850 నాటికి, మహావీరాచార్యుడు సంస్కృతంలో గణితసారసంగ్రహాన్ని రచించాడు. అందులో ఖాతవ్యవహారమనే అధ్యాయమొకటి ఉంది. ఖాతమనగా తవ్విన గొయ్యి. గోతి కొలతలను బట్టి దాని ఘనపరిమాణాన్ని నిర్ణయించడమే ఆ అధ్యాయ విషయం. 11వ శతాబ్ది వాడని పలువురు సాహిత్యచరిత్రకారులు భావించిన పావులూరి మల్లన ఈ గ్రంథాన్ని తెలుగు పద్యాలలోనికి తెచ్చాడు. తెలుగున వెలసిన తొలి శాస్త్రగ్రంథాలలో అది ఒకటి. కన్నడ ప్రభువు నీడన పుట్టిన గణితం తెలుగు పద్యమై నిలిచింది. ఈ సరిహద్దు తాలూకాల పిల్లలకు ఇంతకన్న దగ్గరి వారసత్వం మరేది?

ఇక లెక్కలోనికి వద్దాం. గుండ్రని బావి ఒక స్థూపం. అడుగు వృత్తపు వైశాల్యాన్ని లోతుతో హెచ్చవేస్తే ఘనపరిమాణం వస్తుంది. చిక్కంతా వృత్తం దగ్గరే. పరిధి వ్యాసానికి ఎన్ని రెట్లు? మహావీరుడు స్థూలంగా 3 అనీ, సూక్ష్మంగా 10 యొక్క వర్గమూలం, అనగా దాదాపు 3.162 అనీ చెప్పాడు. అంతకు మునుపే, 499లో, ఆర్యభటుడు 3.1416 అన్న విలువను ఇచ్చి ఉన్నాడు. 1150 నాటి లీలావతిలో భాస్కరాచార్యుడు వ్యవహారానికి 22/7నూ, సూక్ష్మానికి 3927/1250నూ పేర్కొన్నాడు.

ఈ భేదం పండితుల ముచ్చట మాత్రమే అనుకోకండి. 7 మీటర్ల వ్యాసం, 10 మీటర్ల లోతు గల బావిని తీసుకోండి. 22/7తో లెక్కిస్తే 385 ఘనమీటర్లు. 3తో లెక్కిస్తే 367.5 మాత్రమే. ఘనమీటరుకింత అని కూలి ఇచ్చేచోట స్థూలగణితం వాడితే, తవ్వినవాడు 17.5 ఘనమీటర్ల మన్ను ఊరకే మోసినట్లు. వర్గమూలంతో లెక్కిస్తే సుమారు 387.4 వస్తుంది, అప్పుడు కొద్దిపాటి నష్టం యజమానిది.

బావి లోపలిగోడకు రాతికట్టు కట్టాలంటే కావలసింది వక్రతల వైశాల్యం. కాగితపు గొట్టాన్ని నిలువున చీల్చి పరవండి; దీర్ఘచతురస్రం అవుతుంది. దాని పొడవు వృత్తపరిధి, వెడల్పు బావి లోతు. మన బావికి 22 మీటర్లను 10తో హెచ్చిస్తే 220 చదరపు మీటర్లు. సూత్రాన్ని వల్లె వేయనక్కరలేదు, చీల్చి చూస్తే చాలు.

2007లో కోలారు నుండి వేరుపడిన ఈ జిల్లాలో ఏడాది పొడవునా పారే నది లేదు. ఉత్తర పినాకిని, చిత్రావతి వానను నమ్ముకొన్నవే. ఇక్కడి పెద్దలు ఎరిగిన దిగుడుబావులు ఎండగా బోరుబావులు వచ్చాయి. బోరు కూడా స్థూపమే. ఆరున్నర అంగుళాల వ్యాసంతో 300 మీటర్లు దింపిన బోరు ఘనపరిమాణం దాదాపు 6.4 ఘనమీటర్లు. పై బావితో పోల్చితే ముప్పై రెట్ల లోతు, అరవయ్యో వంతు చోటు! వక్రతలం మాత్రం 156 చదరపు మీటర్ల వరకు ఉంటుంది. నీటిని నిలువచేసుకొనే బావికీ, లోతునుండి లాగుకొనే బోరుకూ గల భేదం ఈ రెండు అంకెలలోనే కనబడుతుంది.

కావున మీకొక మనవి. ఈ పాఠం చెప్పేటప్పుడు త్రిజ్య, వ్యాసార్థం అనే రెండు మాటలనూ నల్లబల్లపై పక్కపక్కన వ్రాయండి. ఊరి బావి వ్యాసం, లోతు పిల్లలచేత పెద్దల తోడుతో కొలిపించండి. తల్లిదండ్రులారా, ఆ బావిలో ఒకప్పుడు నీరెంత ఎత్తున నిలిచేదో ఇంటిభాషలో చెప్పండి. ఆ ఎత్తును వృత్తవైశాల్యంతో హెచ్చించి, పోయిన నీరెంతో పిల్లలే చెబుతారు. లెక్క ఏ భాషలో చేసినా, జవాబు మన ఊరిదే.