ఒక గుమాస్తా తీసిన ఫైలు

వరుసగా హత్యలు చేసేవాడి మనసులో ఏముంటుంది? నేరం జరిగిన చోటు, బలైన వ్యక్తి, నేరస్థుడు వాడిన పద్ధతి, రాసిన ఉత్తరాలు చూసి అతని స్వభావాన్నీ ఉద్దేశాన్నీ అంచనా వేసే నిపుణులు నేడు పలు దేశాల పోలీసు శాఖల్లో ఉన్నారు. ఈ విద్యకు పేరు తెచ్చినది ఒక బాంబుల కేసు. అందులో నేరస్థుణ్ణి పట్టించింది మాత్రం మనబోటి ఒక గుమాస్తా. అందుకే ఆ చరిత్ర మన సభ్యులకు చెప్పాలనిపించింది.

1940 నవంబరు 16న న్యూయార్కులో కన్సాలిడేటెడ్ ఎడిసన్ అనే విద్యుత్ కంపెనీ భవనంలో ఒక బాంబు దొరికింది. అది పేలలేదు. కంపెనీని మోసగాళ్ళని తిట్టిన చీటీ ఒకటి దానితో ఉంది. యుద్ధం ముగిసేదాకా బాంబులు పెట్టనని ఆ మనిషి పోలీసులకు ఉత్తరం రాశాడు, మాట నిలుపుకున్నాడు కూడా. 1951లో మళ్ళీ మొదలుపెట్టాడు. రైల్వే స్టేషన్లు, సినిమా హాళ్ళు, గ్రంథాలయం, దేన్నీ వదలలేదు. మొత్తం 30కి పైగా బాంబులు పెట్టగా 22 పేలాయి, 15 మంది గాయపడ్డారు. ఎవరూ చనిపోకపోవడం అదృష్టమే.

1956 చివర పోలీసులు డాక్టర్ జేమ్స్ బ్రస్సెల్ అనే మానసిక వైద్యుణ్ణి ఆశ్రయించారు. ఆయన ఉత్తరాలు చదివి, ఇతడు కంపెనీపై పగబట్టిన పాత ఉద్యోగి, నడివయస్కుడు, పెళ్ళి కానివాడు, పెద్దవయసు ఆడబంధువులతో ఉంటాడు, దొరికేటప్పటికి గుండీలన్నీ పెట్టిన కోటు వేసుకుని ఉంటాడు అన్నట్లు ప్రసిద్ధి. చాలా భాగం నిజమైంది. అయితే ముఖంపై మచ్చ ఉంటుందనీ, రాత్రి ఉద్యోగం చేస్తాడనీ ఆయన చెప్పినవి తప్పాయి. తరువాత రాసుకున్న పుస్తకంలో సరిపోయిన ఊహలే మిగిలాయి.

కంపెనీలో ఆలిస్ కెల్లీ అనే గుమాస్తా పాత నష్టపరిహారం ఫైళ్ళు ఒక్కొక్కటీ తిరగేస్తోంది. 1957 జనవరిలో ఒక ఫైలు దగ్గర ఆగింది. పత్రికలో అచ్చయిన బాంబు మనిషి ఉత్తరాల్లోని "అన్యాయం", "శాశ్వత వైకల్యం" అన్న మాటలే అందులోనూ ఉన్నాయి. ఫైలు జార్జ్ మెటెస్కీది. 1931 సెప్టెంబరు 5న విద్యుత్ కేంద్రంలో వేడి వాయువులు మీదికి రావడంతో అతని ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. 26 వారాల జీతం ఇచ్చి ఉద్యోగంలోంచి తీసేశారు. పరిహారం అర్జీ గడువు దాటిందని తోసిపుచ్చారు. అప్పీళ్ళు కూడా 1936 నాటికి ముగిశాయి. ఎన్నో వందల ఉత్తరాలు రాస్తే పోస్టుకార్డు జవాబైనా రాలేదని అతను తరువాత వాపోయాడు.

జనవరి 21 రాత్రి వాటర్‌బరీలో, ఇద్దరు అక్కలతో ఉంటున్న ఇంట్లో మెటెస్కీ దొరికాడు. పైజమాలో ఉన్నవాడు బట్టలు మార్చుకుని, గుండీలు పెట్టిన కోటుతోనే బయటికి వచ్చాడు. మతిస్థిమితం లేదని ఆసుపత్రిలో ఉంచి, 1973లో విడుదల చేశారు. 1994లో మరణించాడు.

1972లో అమెరికా ఎఫ్.బి.ఐ. ఇందుకోసం ఒక ప్రత్యేక విభాగం పెట్టింది. ఆ దశాబ్దం చివర రాబర్ట్ రెస్లర్, జాన్ డగ్లస్ అనే అధికారులు జైళ్ళకు వెళ్ళి హంతకులనే అడగడం మొదలుపెట్టారు. అలా 36 మంది బాల్యం, కోపం, ఊహలు, పథకాలు అన్నీ నమోదయ్యాయి. ఊహించడం కంటే అడిగి తెలుసుకోవడం మేలన్నమాట. అయినా ఇలాంటి అంచనా దారి చూపగలదే కాని సాక్ష్యం కాలేదు.

అన్యాయం జరిగిన ప్రతివాడూ బాంబు పెట్టడు. దారిన పోయేవారిని గాయపరచినందుకు మెటెస్కీకి ఏ సాకూ లేదు. కాని అతని ఉద్దేశం కోసం అందరూ వెదుకుతుంటే, అది అతని అర్జీలోనే 20 ఏళ్ళకు పైగా బీరువాలో పడి ఉంది. "గడువు దాటినందున తిరస్కరించడమైనది" అని నేనూ ఎన్నో ఫైళ్ళ మీద రాశాను. నిబంధన ప్రకారం తప్పేమీ లేదు. అయితే ఆ అర్జీలు చివరిదాకా చదివానా అని ఈ వయసులో అనిపిస్తోంది. మీ ఇళ్ళలో ఇంకా ఉద్యోగంలో ఉన్న పిల్లలకు చెప్పండి: అర్జీ తిప్పి పంపవలసి వచ్చినా, ముందు పూర్తిగా చదవమని, ఒక జవాబు రాయమని.