ఎద్దు మూపురం నుంచి మాసబ్‌ట్యాంక్ దాకా

ఎల్బీనగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ వైపు వస్తుంటే దారిలో ఇనుము అంగళ్లు కనిపిస్తాయి. ఓ కుర్రాడు మేకులు కొట్టిన బల్ల మీద ఊచ వంచి పిల్లర్లకు రింగులు చేస్తుంటాడు. వాన పడ్డ మర్నాడు ఊచల కట్టలు తీస్తే గచ్చు మీద ఎర్రటి చారలు మిగిలి ఉంటాయి. ఆ ఎరుపు చూసినప్పుడల్లా నాకు బస్తర్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజం కొండలు గుర్తొస్తాయి. ఆ కొండలను తవ్వే ఎన్‌ఎండీసీ పెద్దాఫీసు మన ఊళ్లోనే ఉంది. ఇక్కడ మెట్రో ఎక్కి లక్డీకాపూల్‌లో దిగితే మాసబ్‌ట్యాంక్‌లోని ఖనిజ్ భవన్ ఎంతో దూరం కాదు.

పగ్గాలు సర్కారు చేతిలో, షేర్లు బజారులో ఉండే లోహపు గనుల కంపెనీలంటే ముందు చైనావే గుర్తుకొస్తాయి. జియాంగ్షీ కాపర్ 1997లో, చాల్కో 2001లో హాంకాంగ్ మార్కెట్‌కు వచ్చాయి. మన దగ్గర ఆ కోవకు చెందింది ఎన్‌ఎండీసీ. 1958 నవంబరు 15న జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థగా పుట్టింది. జపాన్ ఉక్కు కర్మాగారాలకు ఖనిజం పంపడం దాని తొలి పని. ముందు కిరిబురు గని తెరిచింది. ఆ గని తర్వాత బొకారో ఉక్కుకు పోయింది. సంస్థ బతుకు బైలదిల్లాతో ముడిపడింది.

బైలదిల్లా అంటే ఎద్దు మూపురం. దూరం నుంచి కొండల వరుస అలాగే కనిపిస్తుంది. కింద దంతెవాడలో శంఖిని, డంకిని నదులు కలిసే చోట దంతేశ్వరి గుడి ఉంది. ఓరుగల్లు పతనమయ్యాక కాకతీయ ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు బస్తర్ చేరి రాజ్యం స్థాపించాడని, ఆ అమ్మవారే వాళ్ల ఇలవేల్పని అక్కడి సంప్రదాయం చెబుతుంది. మనకు బస్తర్ పరాయి నేల కాదు. 1930లలో క్రూక్‌షాంక్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇక్కడి ఖనిజ నిక్షేపాలకు 1 నుంచి 14 వరకు అంకెలు వేశాడు. పేర్లున్న కొండలు ఆ రోజు నుంచి అంకెలయ్యాయి. కిరండూల్‌లో 14వ నిక్షేపంలో 1968లో పని మొదలైంది.

ఖనిజం సముద్రం చేరడానికి కొత్తవలస నుంచి కిరండూల్ దాకా సుమారు 445 కిలోమీటర్ల రైలుమార్గం వేశారు. అరకు చూడడానికి వెళ్లి సొరంగాలు లెక్కపెట్టే పిల్లలకు ఆ పట్టాలు తమ కోసం వేసినవి కావని ఎవరూ చెప్పరు. అవి రాయి కోసం వేసినవి. పెద్ద ఓడలు ఆగడానికి 1976లో విశాఖలో ఔటర్ హార్బర్ తయారైంది. మరుసటి ఏడాది బచేలీలో 5వ నిక్షేపం, కర్ణాటకలో దోణిమలై గని మొదలయ్యాయి.

ఆ లెక్కలోనే ఇంకొకటి రాయాలి. 1978లో యంత్రాలు వచ్చి కాంట్రాక్టు కూలీల పని పోయింది. ఆందోళన చేసినవాళ్ల మీద ఏప్రిల్ 5న కిరండూల్‌లో పోలీసులు కాల్పులు జరిపారు, మనుషులు చనిపోయారు. గని మట్టితో శంఖిని ఎర్రబారింది. దాని ఒడ్డున ఉండే గోండులకు తాగునీరు, సాగునీరు అదే.

తెలుగువాళ్లుగా మనకు ఇంకో బాధ ఉంది. 1966లో ప్రాణాలిచ్చి తెచ్చుకున్న విశాఖ ఉక్కుకు ఇనుప గని లేదు. తన ముంగిట నుంచే ఓడలెక్కే బైలదిల్లా ఖనిజాన్ని అది కొనుక్కోవాల్సిందే. యజమాని ఒకే కేంద్ర ప్రభుత్వం అయినప్పుడు ఈ ఏర్పాటు అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను.

2008లో ఎన్‌ఎండీసీ నవరత్న అయింది. 2010 మార్చిలో ప్రభుత్వం ఒక్కో షేరు 300 రూపాయలకు అమ్మి తన వాటాను 98.38 శాతం నుంచి 90కి దించుకుంది. తర్వాత తర్వాత అది 60.79కి వచ్చింది. ఏటా 30 లక్షల టన్నుల సామర్థ్యంతో జగదల్‌పూర్ దగ్గర నగర్‌నార్‌లో కట్టిన ఉక్కు కర్మాగారాన్ని 2023 అక్టోబరు 3న ప్రధాని ప్రారంభించారు. రాయి పుట్టిన నేల మీదే ఉక్కు కావడం అరవై ఏళ్లు ఆలస్యమైనా మంచి పని. కానీ దాన్ని అప్పటికే విడదీసి వేరే కంపెనీ చేశారు, అమ్మకం మాట కూడా వినిపించింది.

2019 జూన్‌లో వేలమంది ఆదివాసులు ఓ కొండను తవ్వొద్దని కిరండూల్‌లో కంపెనీ ముందు రోజుల తరబడి కూర్చున్నారు. 13వ నిక్షేపం ఉన్న ఆ కొండ వాళ్లకు నందరాజు, దేవుడు. చివరికి అక్కడి రాష్ట్ర ప్రభుత్వం ఆ కొండ మీద పని ఆపించింది. ఆ కొండకు అంకె కాక పేరుందని దేశానికి అప్పుడు తెలిసింది.

2024 డిసెంబరులో ఒక షేరుకు రెండు బోనస్ షేర్లు ఇచ్చినప్పుడు మన కాలనీల్లోనూ సంతోషించినవాళ్లున్నారు. వాళ్లకు ఒక విన్నపం. వార్షిక సమావేశంలో ప్రశ్న అడిగే హక్కు ఒక్క షేరు ఉన్నవాళ్లకూ ఉంటుంది. డివిడెండ్ ఎంతని అడిగాక, శంఖిని నీళ్లు ఇప్పుడు ఏ రంగులో ఉన్నాయో కూడా అడగండి.