చైనీస్ నేర్పితే ప్రాణం పోయే కాలం: కాంటన్‌లో చాటుగా సాగిన చదువు

మన తెలుగు పిల్లలు చాలామంది ఎంబీబీఎస్ కోసం చైనా వెళ్లారు, ఇంకా వెళ్తూనే ఉన్నారు. క్లాసులు ఇంగ్లీషులో జరిగినా, వార్డులో పేషెంట్ కడుపునొప్పి ఎక్కడో చెప్తే అర్థం కావాలంటే చైనీస్ రావాల్సిందే. అందుకే యూనివర్సిటీవాళ్లే భాష నేర్పుతారు, పరీక్ష కూడా పెడతారు. ఫోన్‌లో యాప్ ఎలాగూ ఉంది. ఇవాళ నేను చెప్పబోయేది వీటిలో ఏదీ లేని కాలం గురించి. చైనా గడ్డ మీదే ఉండి, చైనీస్ మాత్రం తలుపులు మూసుకుని నేర్చుకోవాల్సి వచ్చిన కాలం.

1757లో చియాన్‌లాంగ్ చక్రవర్తి యూరప్ వ్యాపారాన్నంతా ఒక్క రేవుకి పరిమితం చేశాడు. అదే కాంటన్, ఇప్పటి గ్వాంగ్‌జౌ. తెల్లవాళ్లు ఊరి గోడ బయట, నది ఒడ్డున కట్టిన ఫ్యాక్టరీల్లోనే ఉండాలి. ఫ్యాక్టరీ అంటే మెషీన్లు ఉండేది కాదు. గోడౌను, ఆఫీసు, ఇల్లు అన్నీ కలిపి ఒకటే. మన మచిలీపట్నంలో ఈస్టిండియా కంపెనీ పెట్టుకున్నది కూడా అలాంటిదే. ఆడవాళ్లను తీసుకురాకూడదు. సీజన్ అయిపోగానే సామాను సర్దుకుని మకావు వెళ్లిపోవాలి. బేరాలన్నీ పిడ్జిన్ అనే కలగాపులగం ఇంగ్లీషులో సాగేవి. టీ, పట్టు కొనడానికి అది చాలు. మోసపోయినప్పుడు పై అధికారికి ఫిర్యాదు చేయాలంటే మాత్రం చాలదు.

అక్కడే జేమ్స్ ఫ్లింట్ కథ మొదలవుతుంది. 1736లో ఒక ఓడ కెప్టెన్ ఈ కుర్రాణ్ణి చైనా తీరంలో వదిలేశాడు, భాష నేర్చుకోమని. స్టడీ అబ్రాడ్ అంటే ఇదేనండీ, కాకపోతే అడ్మిషన్ లెటర్ లేదు, హాస్టల్ లేదు. మధ్యలో కొన్నాళ్లు బొంబాయిలో, మద్రాసులో గడిపి మళ్లీ కాంటన్ చేరాడు. చివరికి కంపెనీకి చైనీస్ వచ్చిన సొంత మనిషి అయ్యాడు.

1759లో కంపెనీ అతన్ని ఉత్తరానికి పంపింది. నింగ్బోలో దిగనివ్వలేదు. ఏకంగా తియాంజిన్ దాకా వెళ్లి, కాంటన్ కస్టమ్స్ అధికారి లంచాల మీద చక్రవర్తికి చైనీస్‌లో రాసిన అర్జీ అందించాడు. చక్రవర్తి విచారణ వేయించాడు, ఆ అధికారిని తీసేశాడు కూడా. అంటే ఫిర్యాదులో నిజం ఉందన్నమాట. అయినా ఫ్లింట్‌కి మకావులో మూడేళ్ల జైలు, తర్వాత దేశం నుంచి బహిష్కారం. ఎందుకంటే ఒక విదేశీయుడు అనుమతి లేని రేవుకి వెళ్లి, నేరుగా సింహాసనానికే అర్జీ పెట్టాడు. మరి అంత చక్కటి చైనీస్ రాసిచ్చింది ఎవరు?

లియు యాబియన్ అనే చైనీయుడు. విదేశీయుడికి చదువు నేర్పాడు, ఆపైన అర్జీ రాయడానికి సాయపడ్డాడు అన్నది అతని మీద వచ్చిన నేరం. మరణశిక్ష వేశారు. శిష్యుడు జైల్లో ఉన్నాడు కానీ బతికాడు. గురువు బతకలేదు. ఈ కథని ఇంగ్లీషు పుస్తకాలు ఎక్కువగా ఫ్లింట్ పేరుతోనే చెప్తాయి, నాకు అది అన్యాయం అనిపిస్తుంది. ఫ్లింట్ తర్వాత ఇంగ్లండ్ వెళ్లి హాయిగానే ఉన్నాడు. సోయా నుంచి టోఫు ఎలా చేస్తారో అతను చెప్పిన సంగతిని బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1770లో ఒక స్నేహితుడికి ఉత్తరంలో రాశాడు!

ఆ ఒక్క శిక్ష కాంటన్‌ని ఎంత భయపెట్టిందో చూడండి. 1792లో బ్రిటన్ నుంచి మెకార్ట్నీ రాయబారం బయల్దేరింది. దేశం మొత్తం వెతికినా దుబాసీ దొరకలేదు. ఇటలీలోని నేపుల్స్‌లో చైనా కుర్రాళ్లకి మతగురువులుగా శిక్షణ ఇచ్చే కాలేజీ ఉంటే, అక్కణ్ణించి ఇద్దర్ని తెచ్చుకున్నారు. మకావు చేరగానే వాళ్లలో ఒకాయన భయపడి దిగిపోయాడు. రెండో ఆయన యూరోపియన్ వేషంలో ముందుకెళ్లాడు. రాయబారి కార్యదర్శి కొడుకు జార్జ్ స్టాంటన్ ఓడలో వీళ్ల దగ్గరే చైనీస్ నేర్చుకున్నాడు. వయసు పన్నెండేళ్లు. తన చేతిరాత ఎవరైనా గుర్తుపడతారని చైనా లేఖకుడు భయపడితే, ఒక పత్రాన్ని ఈ పిల్లాడే అందంగా రాసి ఇచ్చాడు. చక్రవర్తి ముందు నాలుగు ముక్కలు చైనీస్‌లో మాట్లాడితే, ఆయన తన నడుముకున్న సంచి తీసి బహుమతిగా ఇచ్చాడు. అదే చక్రవర్తి, లియు యాబియన్ శిక్ష నాటి చియాన్‌లాంగ్.

ఇక రాబర్ట్ మోరిసన్. మతప్రచారకుడు. లండన్‌లో ఒక చైనా యువకుడి దగ్గర పాఠాలు చెప్పించుకుని, బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న చైనీస్ రాతప్రతిని చేత్తో కాపీ చేసుకున్నాడు. కంపెనీ తన ఓడల్లో మిషనరీలను ఎక్కించుకోదు కాబట్టి అమెరికా మీదుగా తిరిగి 1807లో కాంటన్ చేరాడు. అక్కడ కొన్నాళ్లు అమెరికన్‌లాగే చెలామణి అయ్యాడు. ఆయనకి పాఠాలు చెప్పినవాళ్లలో ఒకరు, పట్టుబడితే మింగడానికి విషం దగ్గర పెట్టుకునేవాడని చెప్తారు. ఆ మాట ఎంతవరకు నిజమో గానీ, భయం మాత్రం నిజం. ట్యూషన్‌కి వచ్చే ముందు మాస్టారు అలాంటి లెక్క వేసుకోవాల్సి రావడం ఊహించుకోండి.

1809లో, తన పెళ్లి రోజునే, మోరిసన్‌కి కంపెనీలో అనువాదకుడి ఉద్యోగం వచ్చింది. ఓడ ఎక్కించుకోని కంపెనీయే జీతం ఇచ్చింది, ఎందుకంటే భాష వచ్చినవాడు అంత అరుదు. ఆయన చైనీస్-ఇంగ్లీష్ నిఘంటువు మకావులో 1815 నుంచి 1823 దాకా అచ్చయింది, ఖర్చు కంపెనీదే. 1818లో మలక్కాలో ఆంగ్లో-చైనీస్ కాలేజీకి పునాది వేయించాడు. గమనించారా, చైనీస్ నేర్పే కాలేజీ చైనా బయట పెట్టాల్సి వచ్చింది!

ఇదే సమయంలో అదే కంపెనీ మద్రాసులో ఏం చేస్తోంది? 1817లో అక్కడ దిగిన సి.పి.బ్రౌన్‌కి తెలుగు నేర్పడానికి ఫోర్ట్ సెయింట్ జార్జ్ కాలేజీ ఉంది, జీతం తీసుకునే పండితులున్నారు. మన దగ్గర పాలించేది కంపెనీ, కాంటన్‌లో కంపెనీ అద్దెకున్న వ్యాపారి. తేడా అక్కడుంది. కాబట్టి చైనా ప్రభుత్వం ఉత్త మూర్ఖత్వంతో భాష దాచుకుందని నేను అనను. భాష వచ్చినవాడు తర్వాత ఏం అడుగుతాడో వాళ్లకి అనుమానం ఉంది. నల్లమందు యుద్ధం చూస్తే ఆ అనుమానం పూర్తిగా తప్పని కూడా అనలేం. కానీ దాని ధర కట్టింది మాత్రం లియు లాంటి మామూలు మనుషులు.

మోరిసన్ 1834లో కాంటన్‌లోనే చనిపోయాడు. 1842లో నాన్‌జింగ్ ఒప్పందం దగ్గర బ్రిటన్ తరఫున దుబాసీగా ఉన్నవాళ్లలో ఆయన కొడుకు ఒకడు. 1844లో అమెరికా చైనాతో వాంగ్షియా ఒప్పందం చేసుకున్నప్పుడు, పద్దెనిమిదో షరతుగా ఒక విషయం రాయించుకుంది: అమెరికన్లు చైనా పండితుల్ని పెట్టుకుని భాష నేర్చుకోవచ్చు, పుస్తకాలు కొనుక్కోవచ్చు. లియు యాబియన్ శిక్షకీ, ఆ షరతుకీ మధ్య 85 ఏళ్లు.